దయచేసి లైన్లో ఉండండి

తెల్లవారుజాము అయిదు. దేగు నగరంలో ఫిబ్రవరి.
మందిరం మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లారు.
ఎవరు చల్లారో తెలియదు. నాకన్నా ముందే
లేచినవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు.

గోడకి కానుక కవర్ల గళ్ళు.
మా హ్యేరాన్ అని రాసిన గడిలోంచి నా కవరు తీసుకుంటాను.
పక్క గడి క్వక్ అమ్మది. పోయినేడు చనిపోయింది,
ఆ పేరు ఇంకా ఎవరూ పీకలేదు.

తల వంచుతాను. కళ్ళు మూస్తాను.
"ప్రభువా, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను."
నోరు జారి అన్నదే. నవ్వు రాలేదు.
పదకొండేళ్ళుగా ఇదే గొంతు.
మాట కొస పైకి లేపి, పళ్ళు కనబడేలా నవ్వుతూ పలకాలి,
నవ్వు ఫోన్లో వినిపిస్తుందట, శిక్షణలో చెప్పారు.
రోజుకి నూటపది కాల్స్, నూటపది క్షమాపణలు,
నేను పాడుచెయ్యని వాషింగ్ మెషిన్లకి,
నేను ఆలస్యం చెయ్యని మెకానిక్కులకి.
ఇక నా సొంత పాపానికి
వేరే గొంతు ఎక్కణ్ణుంచి తేను?

ముందు బెంచీలో ఎవరో ఏడుస్తున్నారు.
నాకు కునుకు పడుతుంది.
అందరితోపాటు ఆమెన్ నా నోటా లేస్తుంది,
దిగాల్సిన స్టాపు దగ్గర బస్సులో మెలకువొచ్చినట్టు.

హెడ్‌సెట్. నీళ్ళ సీసా. తెర మీద నా పేరు పక్కన పచ్చ దీపం.
కాల్‌కి మూడు నిమిషాలు. దాటితే పసుపు, ఆపైన ఎరుపు.
బాత్రూంకి వెళ్తే అదీ రాస్తుంది: స్థానంలో లేరు.
టీం లీడర్ నో గారూ విశ్వాసే.
ఆయన బల్ల మీద ఫ్రేము కట్టిన వాక్యం,
దానికి ఆనించి మా మార్కుల పట్టిక.
ఆయన మీద కోపం లేదు. ఆయన పేరున్న పట్టిక
ఇంకెవరి బల్ల మీదో ఉంటుంది.

బుధవారం నాలుగుంపావుకి ఒక ముసలాయన.
ఫ్రిజ్ రాత్రిళ్ళు శబ్దం చేస్తోందట.
ఎలాంటి శబ్దమండీ? కొస లేపి అడిగాను.
"చెప్పడం రాదమ్మా. నువ్వే విను."
చేతికర్ర చప్పుడు. తలుపేదో కిర్రుమంది.
తర్వాత ఫ్రిజ్.

మామూలు ఫ్రిజ్. మోటారు గుర్రు.
ఏ లోపమూ లేదని మూడో సెకనులోనే తెలిసిపోయింది,
పదకొండేళ్ళ చెవి కదా.
దాని వెనక ఒక గోడగడియారం.
ఆ వెనక ఆయన ఊపిరి.
పసుపు.
ఎరుపు.
వేలు మౌస్ మీదే ఉంది, నొక్కలేదు.
జాలి అంటే అబద్ధం. ఆ రోజు ఉపవాసం,
ఆకలేస్తోంది, కాళ్ళు లాగుతున్నాయి.

"వినిపించిందా?"
"వినిపించిందండీ" అన్నాను.
ఆ మాట స్క్రిప్టులో లేదు. కొస లేవలేదు.
"అయితే సరే. నా ఒక్కడికేనేమో అనుకున్నా."
పెట్టేశాడు.

ఈ నెల ప్రోత్సాహకం పోయింది.
నో గారు ఏమీ అనలేదు, కళ్ళజోడు తుడుచుకున్నారు.
దశమభాగం కూడా ఆ మేరకి తగ్గుతుంది.
కవరు మీద అంకె కొట్టేసి మళ్ళీ రాశాను,
లెక్కలు చూసే డీకన్ గారికి కొట్టివేతలు గిట్టవు.

శనివారం మందిరం వంటింట్లో
రెండొందల మంది సూపుకి ముల్లంగి తోముతుంటే
ఈ వారం నీ సాక్ష్యం ఏమిటమ్మా అని అడిగారు.
చన్నీళ్ళలో వేళ్ళు మొద్దుబారాయి.
ఏం చెప్పను, ఒక ఫ్రిజ్ విన్నాననా?
ముల్లంగి బాగా లేతగా ఉందన్నాను.

సోమవారం అయిదు. ఉప్పు. కవరు. బెంచీ.
ఈసారి నా నోట ఏ మాటా రాలేదు.
హీటరు గుర్రుమంటోంది, ముందు బెంచీలో అదే ఏడుపు.
ఆ ముసలాయన ఫోను చాపి పట్టుకున్నట్టు
నా లోపలి చప్పుడుని అటు తిప్పి పట్టుకున్నాను.

చెప్పడం రాదు ప్రభువా. నువ్వే విను.

ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు.
ఆరూ ఇరవై బస్సు తప్పిపోయింది.